ఐర్లాండ్ పర్వత శిఖరాలు, కనుమలు

ఐర్లాండ్ ద్వీపంలోని పర్వతాలు ఎత్తులో చిన్నవి. అన్నిటికన్నా ఎత్తైన కారన్‌టూహిల్ కూడా 1,039 మీటర్లకు మించదు. 3,000 అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన శిఖరాలు ద్వీపం మొత్తం మీద పట్టుమని పదిహేను లేవు. ఈ అంకెలు చూసి వీటిని గుట్టలని కొట్టిపారేస్తే పొరబాటే. చాలా కొండలు దాదాపు సముద్రమట్టం నుంచే పైకి లేస్తాయి కాబట్టి ఎక్కేవాళ్లు ఆ ఎత్తులో చాలా భాగం కాళ్లతోనే ఎక్కాలి. పైగా అట్లాంటిక్ మీంచి వచ్చే గాలివానలను ముందుగా కాచుకునేది ఇవే.

ఈ కొండల్లో శిఖరాలకు ఎంత ప్రాధాన్యం ఉందో వాటి మధ్యనున్న కనుమలకూ అంతే ఉంది. శిఖరాల మీద పూర్వులు సమాధులు కట్టారు, ఉపవాసాలున్నారు. తర్వాతివాళ్లు సర్వే గుడారాలు వేశారు. పశువుల మందలు, సంత సరుకు, దొంగరవాణా మూటలు, సైన్యం, కరువు బాధితులు నడిచింది మాత్రం కనుమల్లోనే. రెండింటినీ కలిపి చూసినప్పుడే ఐర్లాండ్ కొండసీమ చరిత్ర పూర్తిగా అర్థమవుతుంది.

స్వరూపం

ద్వీపం నడుమ భాగం సున్నపురాయి మైదానం. పర్వతాలు చాలావరకు పళ్ళెం అంచులా తీరాల వెంబడి చుట్టూ ఉన్నాయి. నైరుతిలో కెర్రీ, కార్క్ కౌంటీల కొండలు, తూర్పున డబ్లిన్ నగరాన్ని ఆనుకుని విక్లో పర్వతాలు, పడమట మేయో, గాల్వే కౌంటీల కొండలు, వాయవ్యంలో డొనెగాల్, ఈశాన్యంలో మోర్న్ పర్వతాలు ముఖ్యమైనవి. మోర్న్ పర్వతాలు ఉత్తర ఐర్లాండ్‌లో, అంటే యునైటెడ్ కింగ్‌డమ్ పాలనలో ఉన్నాయి. తీరానికి దూరంగా, లోపలి భూభాగంలో పెద్దదని చెప్పదగినది గాల్టీ శ్రేణి ఒక్కటే.

ఏ శ్రేణీ ఎడతెగకుండా చాలా దూరం సాగదు. కొండగుంపుకూ కొండగుంపుకూ మధ్య లోయో, సరస్సో, కనుమో అడ్డు వస్తుంది. పటంలోని పేర్లు ఎక్కువగా ఐరిష్ భాషవి. స్లీవ్, నాక్, బెన్, క్రో అని మొదలయ్యేవి కొండల పేర్లు. బాలా, మామ్, బార్నా అని మొదలయ్యేవి కనుమల పేర్లు.

రాయి, మంచు

ఈ కొండల రాళ్లన్నీ ఒకే కాలానివి కావు. డొనెగాల్, గాల్వేలోని కానమారా, మేయో కొండల్లోని తెల్లటి క్వార్ట్జైట్ చాలా పాతది. డొనెగాల్‌లోని ఆ రాయి వయసు 60 కోట్ల ఏళ్ల పైమాటే. విక్లో కొండల గ్రానైట్ సుమారు 40 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల గడ్డకట్టింది. ఐర్లాండ్, బ్రిటన్ దీవుల్లో పైకి తేలి కనిపించే గ్రానైట్ రాశుల్లో ఇదే అతి పెద్దది. కెర్రీ, కార్క్ కొండల ఎర్ర ఇసుకరాయి డెవోనియన్ యుగంలో నదులు తెచ్చి పోసిన మేట. సుమారు 30 కోట్ల ఏళ్ల కిందట దక్షిణం నుంచి వచ్చిన ఒత్తిడికి అది మడతలు పడింది. నైరుతి ద్వీపకల్పాలు ఒకదాని పక్కన ఒకటి సమాంతరంగా సముద్రంలోకి చొచ్చుకుపోవడానికి కారణం ఈ మడతలే. మోర్న్ గ్రానైట్ వీటన్నిటికన్నా చిన్నది, దాని వయసు 5.6 కోట్ల ఏళ్లు మాత్రమే.

రాయి ఎంత పాతదైనా, ఇప్పుడు కంటికి కనిపించే రూపం మంచు చెక్కింది. ఆఖరి మంచుయుగం ఉధృతంగా ఉన్నప్పుడు, అంటే 27 వేల నుంచి 20 వేల ఏళ్ల కిందట, ద్వీపం దాదాపు అంతా మంచు కింద ఉంది. హిమానీనదాలు లోయలను వెడల్పు చేశాయి, కొండల పక్కలను గిన్నెల్లా తొలిచి సర్క్‌లుగా మార్చాయి. మూడు వైపులా నిటారు గోడలు, అడుగున నల్లటి చెరువు ఉండే ఈ గుంతలు ప్రతి పర్వత ప్రాంతంలోనూ కనిపిస్తాయి. వాటర్‌ఫర్డ్ కౌంటీలోని కూమ్‌షింగాన్ వీటిలో పేరుపొందినది. కొన్నిచోట్ల మంచు కొండవరస మీదుగా పొర్లి అవతలికి పోతూ వరసనే కోసేసింది. కనుమల్లో చాలావాటి పుట్టుక ఇదే.

వాతావరణం, నేల

పడమటి కొండల్లో ఏడాదికి 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. దేశంలో ఒక ఏడాదిలో కొలిచిన అత్యధిక వర్షపాతం, 3,964.9 మిల్లీమీటర్లు, 1960లో నమోదైంది. అది నమోదైనది ఏ శిఖరం మీదో కాదు, కెర్రీలోని బాలాబీమా అనే కనుమలో. సముద్రం మీది తేమగాలి కొండలకు తగిలి పైకి లేచి, చల్లబడి, అక్కడే కురుస్తుంది.

ఈ వాన వల్లే కొండల మీద పీట్ నేల పెరిగింది. చచ్చిన నాచు, గడ్డి నీటిలో నాని పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లపాటు పొరలుగా పేరుకుంటే అయ్యేదే పీట్. పూర్వం ఇక్కడి వాలుల్లో అడవులుండేవి. మనుషులు చెట్లు కొట్టడం, వాతావరణం చెమ్మగా మారడం కలిసి వాటిని తుడిచిపెట్టాయి. ఇప్పుడు కొండలను కప్పి ఉన్నవి హెదర్ పొదలు, ముతక గడ్డి, పీట్. నడిచేవాళ్లకు చీలమండ దాకా దిగబడే తడినేల ఇది. ఒకసారి పైపొర చిరిగితే వాన దాన్ని కోసుకుంటూ పోతుంది.

నైరుతి: కెర్రీ, కార్క్

ద్వీపంలో అత్యున్నత శిఖరాలన్నీ కెర్రీలోని మగిల్లికడీస్ రీక్స్ అనే వరసలో ఉన్నాయి. కారన్‌టూహిల్‌కు ఇరుపక్కలా బీన్‌కెరా, కాహర్ శిఖరాలు వెయ్యి మీటర్ల గీతను కాస్త దాటి నిలబడ్డాయి. ఈ మూడింటినీ కలిపే సన్నని కొండమొన నడక దేశంలోని గొప్ప పర్వతయాత్రల్లో ఒకటి. బీన్‌కెరా వైపు మొన రెండు పక్కలా లోయలోకి తెగిపడుతుంది. చేతులు కూడా ఉపయోగించి ఎక్కాల్సిన చోట్లున్నాయి.

కారన్‌టూహిల్‌కు ఎక్కువమంది వెళ్లే దారి హాగ్స్ గ్లెన్ లోయలోంచి. వాగులు దాటి, గోరా, కాలీ అనే రెండు చెరువుల మధ్యనుంచి నడిస్తే ఎదురుగా డెవిల్స్ లాడర్ కనిపిస్తుంది. అది కొండగోడలో నిట్టనిలువుగా పైకి పాకిన చీలిక. దశాబ్దాల తరబడి పడిన అడుగులకు దానిలోని మట్టి కొట్టుకుపోయింది; మిగిలినవి కదిలే బండలు, జారే గులకరాళ్లు, వాటి మధ్యనుంచి కారే నీళ్లు. ముందు నడిచేవాళ్ల కాలి కింది రాయి జారితే వెనకవాళ్ల మీదికి దొర్లుతుంది. అందుకే దిగేటప్పుడు చాలామంది దీన్ని వదిలి, చుట్టుదారైనా జిగ్‌జాగ్స్ అనే బాట పట్టుకుంటారు. చీలిక పైన ఒక మెడ, అక్కడినుంచి రాళ్ల వాలు మీదుగా శిఖరం. పైన ఉక్కు శిలువ ఉంది. 2014 నవంబరులో ఎవరో దాన్ని కోసి పడేస్తే, స్థానికులు రోజుల వ్యవధిలోనే తిరిగి నిలబెట్టారు.

రీక్స్ వరసకూ, తూర్పునున్న 832 మీటర్ల పర్పుల్ మౌంటెన్‌కూ మధ్య డన్లో కనుమ ఉంది. దక్షిణం నుంచి వచ్చిన మంచు కొండవరసను చీల్చి చేసిన దారి ఇది. కనుమ పొడవునా ఐదు చెరువులు, వాటిని కలిపే వాగు, రెండు వైపులా బండరాళ్ల వాలు. గుర్రబ్బండ్లు తోలే స్థానిక కుటుంబాలు యాత్రికులను తరతరాలుగా ఇక్కడికి తీసుకొస్తున్నాయి. కనుమ దాటినవాళ్లు అవతల పడవెక్కి కిలార్నీ సరస్సుల మీదుగా పట్టణానికి తిరిగి వచ్చే ఆనవాయితీ 19వ శతాబ్దం నుంచీ ఉంది.

డింగిల్ ద్వీపకల్పంలోని బ్రాండన్ పర్వతం 952 మీటర్లు. సముద్రయానాలకు పేరుపొందిన ఆరో శతాబ్దపు సన్యాసి సెయింట్ బ్రెండన్ పేరు దీనికి స్థిరపడింది. పడమటి వైపు శిలువలు నాటిన యాత్రామార్గం నెమ్మదిగా ఎక్కుతుంది. తూర్పు వైపు దారి మాత్రం మెట్లుమెట్లుగా ఉన్న చెరువుల వరస పక్కనుంచి, సర్క్ గోడ మీదుగా పోతుంది. ఒకే కొండకు రెండు ముఖాలెలా ఉంటాయో ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

దీనికి దక్షిణంగా, 456 మీటర్ల ఎత్తున కానర్ కనుమ ఉంది. ఐర్లాండ్‌లో తారు రోడ్డు వెళ్లే అతి ఎత్తైన కనుమల్లో ఇది ఒకటి. ఉత్తరపు వాలులో రోడ్డు కొండగోడను అంటిపెట్టుకుని ఒక బండి మాత్రమే పట్టేంత సన్నబడుతుంది కాబట్టి బస్సులనూ లారీలనూ అనుమతించరు. ఈ కనుమ భూములను ప్రభుత్వం కొని, 2024లో ప్రకటించిన కెర్రీ సముద్ర జాతీయ ఉద్యానంలో కలిపింది.

బేరా ద్వీపకల్పంలో కార్క్, కెర్రీ సరిహద్దు మీదున్న హీలీ పాస్ పని 1847లో, మహాక్షామం కాలంలో కరువు పనిగా మొదలైంది. ఆకలితో ఉన్నవాళ్లు కూలి కోసం రాళ్లు మోసిన దారి అది. పూర్తయింది 1931లో. ఐరిష్ స్వతంత్ర రాజ్యానికి మొదటి గవర్నర్ జనరల్ అయిన టిమ్ హీలీ పేరు దానికి పెట్టారు. మెలికలు తిరిగే ఈ రోడ్డును అందం కోసం చూసేవాళ్లు దాని పుట్టుకను కూడా గుర్తుంచుకోవాలి.

తూర్పు: విక్లో

కెర్రీ బయట అన్నిటికన్నా ఎత్తైనది విక్లోలోని లుగ్నక్విల్లా, 925 మీటర్లు. దీని తల మొనదేలి ఉండదు. విశాలమైన గడ్డి మైదానంలా ఉంటుంది. ఆ మైదానం అంచుల్లో నార్త్ ప్రిజన్, సౌత్ ప్రిజన్ అనే లోతైన సర్క్‌లు హఠాత్తుగా తెగిపడతాయి. పొగమంచులో దిక్కు తప్పినవాళ్లకు ఇది ప్రమాదకరం. పడమట గ్లెన్ ఆఫ్ ఇమాల్‌లో సైన్యం ఫిరంగి శిక్షణ క్షేత్రం ఉంది. పేలని గుళ్లు పడి ఉండవచ్చు కాబట్టి అటునుంచి వెళ్లేవాళ్లు సైన్యం గుర్తించిన బాటలు దాటకూడదు.

బ్రిటిష్ పాలన మీద లేచిన 1798 తిరుగుబాటు అణగిపోయిన తర్వాత కూడా దాని నాయకుల్లో ఒకడైన మైకేల్ డ్వయర్ దళం 1803 దాకా ఈ కొండల్లోనే తలదాచుకుని పోరాడింది. సైన్యం వేగంగా లోపలికి చేరేందుకు ప్రభుత్వం 1800 నుంచి 1809 వరకు కొండలకు అడ్డంగా మిలిటరీ రోడ్డు వేసింది. సుమారు 500 మీటర్ల ఎత్తున ఉన్న సాలీ గ్యాప్ దగ్గర ఆ రోడ్డు మరో కొండదారిని కలుస్తుంది. తిరుగుబాటుదారులను వేటాడడానికి వేసిన దారి మీద ఇవాళ సైకిళ్లవాళ్లు, పాదచారులు తిరుగుతున్నారు.

కొండలను దాటించే ఇంకో దారి విక్లో గ్యాప్. పూర్వం పడమటినుంచి గ్లెండలాక్ మఠానికి వచ్చే యాత్రికులు సెయింట్ కెవిన్ బాటలో ఇటుగానే నడిచారు. ఈ కనుమ పక్కనే 1974లో మొదలైన టర్లో హిల్ విద్యుత్కేంద్రం ఉంది. కొండ మీద కట్టిన జలాశయానికి నీటిని తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి 292 మెగావాట్ల దాకా విద్యుత్తు తీస్తారు. కింద ఉన్నది నహానగన్ అనే సహజమైన చెరువు. నిర్మాణం కోసం దాన్ని ఖాళీ చేసినప్పుడు, మంచుయుగం ముగిశాక చలి కొద్దికాలం మళ్లీ విజృంభించి చిన్న హిమానీనదం ఏర్పడిందనడానికి ఆధారాలు బయటపడ్డాయి. ఆ చలిదశను ఐర్లాండ్ శాస్త్రజ్ఞులు ఈ చెరువు పేరుతోనే పిలుస్తారు.

దక్షిణం: గాల్టీ, నాక్‌మెల్‌డౌన్

లిమరిక్, టిప్పరరీ సరిహద్దు మీదున్న గాల్టీమోర్ సుమారు 918 మీటర్లు. దానికి దక్షిణాన నాక్‌మెల్‌డౌన్ కొండల్లో వీ అనే కనుమ రోడ్డు మెలిక తిరుగుతూ టిప్పరరీ మైదానాన్నంతా కళ్ల ముందు పరుస్తుంది. జూన్ తొలివారాల్లో వాలులన్నీ రోడోడెండ్రాన్ పూలతో ఊదారంగు పోసుకుంటాయి. చూడడానికి బాగున్నా అది పరాయి నేల మొక్క. స్థానిక వృక్షాలను ఎదగనివ్వదు. దాన్ని తొలగించడానికి కిలార్నీ వంటి చోట్ల ఏళ్లుగా శ్రమపడుతున్నారు.

పడమర: మేయో, కానమారా

మేయోలోని క్రో పాట్రిక్ 764 మీటర్ల క్వార్ట్జైట్ శంఖువు. సెయింట్ పాట్రిక్ క్రీ.శ. 441లో ఇక్కడ నలభై రోజులు ఉపవాసం ఉన్నాడని సంప్రదాయం. 1905లో కట్టిన చిన్న చర్చి శిఖరం మీద ఉంది. జూలై ఆఖరి ఆదివారం వేలాదిమంది పైకి ఎక్కుతారు. కొందరు చెప్పులు లేకుండా, పదునైన రాళ్ల మీద. ఆ రోజు క్రైస్తవానికి ముందునుంచీ ఉన్న లూనసా కోతల పండుగకు దగ్గరగా వస్తుంది. ఆ రోజుల్లో కొండలెక్కి గుమిగూడే ఆచారం ద్వీపమంతటా ఉండేదని మారియా మక్‌నీల్ 1962లో అచ్చయిన తన పరిశోధన గ్రంథంలో వివరంగా చూపింది. 1980ల్లో ఈ కొండలో బంగారం ఉన్నట్టు తేలినా, స్థానికుల వ్యతిరేకతతో గని తవ్వకం జరగలేదు.

కానాక్ట్ ప్రాంతంలో అత్యున్నత శిఖరం 814 మీటర్ల మ్వీల్‌రే. దాని పాదం కిల్లరీ సముద్రపు పాయలో ఉంటే, తూర్పు పక్కన డూలాక్ కనుమ ఉంది. మహాక్షామం కాలంలోనే, 1849 మార్చి చివర, కరువు సాయం కోసం లూయిస్‌బర్గ్‌లో గుమిగూడినవాళ్లను అధికారులు ఈ కనుమ మీదుగా డెల్ఫీ లాడ్జికి రమ్మన్నారు. చలిలో, ఆకలితో నడిచి వెళ్లినవాళ్లకు అక్కడ సాయం దొరకలేదు. తిరుగుదారిలో అనేకులు ప్రాణాలు విడిచారు. వారి జ్ఞాపకార్థం ఏటా ఆ దారిన నడక జరుగుతుంది. రోడ్డు పక్కన నిలిపిన స్మారకశిల మీద మహాత్మాగాంధీ మాటలు చెక్కి ఉన్నాయి.

దక్షిణాన గాల్వే కౌంటీలో ట్వెల్వ్ బెన్స్ అనే క్వార్ట్జైట్ కొండలున్నాయి. వాటిలో పెద్దది 729 మీటర్ల బెన్‌బాన్. పక్కనున్న మౌమ్‌టర్క్ కొండల నడుమ మామ్‌ఈన్ కనుమలో సెయింట్ పాట్రిక్ పేర చర్చి, ఊటబావి ఉన్నాయి. కొండ అవతలి ఊళ్లవాళ్లూ ఇవతలివాళ్లూ కలుసుకునే చోటే పుణ్యస్థలమైంది.

ఉత్తరం: డొనెగాల్, మోర్న్

డొనెగాల్‌లోని ఎరిగల్ 751 మీటర్లు. బూడిదరంగు రాళ్లజారులతో ఉండే ఈ కొండ సాయంత్రపు ఎండలో గులాబీ రంగుకు తిరుగుతుంది. పైన జంట శిఖరాలు, వాటి మధ్య సన్నని బాట. పక్కనున్న మకిష్ కొండ తల బల్లపరుపు. గాజు తయారీకి పనికొచ్చే తెల్లటి ఇసుకను 1950ల దాకా అక్కడ తవ్వారు. గనికూలీల బాట నేటికీ పైకి పోతుంది. ఇదే కౌంటీలో గ్లెన్‌గెష్ కనుమ దారి ఆర్డరా నుంచి పడమటి ఊళ్లకు మెలికలు తిరుగుతూ పోతుంది.

మోర్న్ పర్వతాల్లో స్లీవ్ డోనార్డ్ 850 మీటర్లు, ఉత్తర ఐర్లాండ్‌లో అత్యున్నతం. దాని తల మీద ప్రాచీన సమాధి రాళ్లగుట్ట ఉంది. ఈ కొండల విశేషం మోర్న్ గోడ. బెల్‌ఫాస్ట్ నగరానికి తాగునీరిచ్చే పరీవాహక ప్రాంతంలోకి పశువులు రాకుండా 1904 నుంచి 1922 వరకు కట్టిన గోడ ఇది. సున్నం, సిమెంటు లేకుండా గ్రానైట్ రాళ్లను ఒకదానిలో ఒకటి ఇమిడ్చి పేర్చారు. ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు, పొడవు 30 కిలోమీటర్లకు పైనే. అది వాలుదారి చూసుకోకుండా పదిహేను శిఖరాల మీదుగా నేరుగా ఎక్కి దిగుతుంది. గోడ వెంట వేలమందితో ఏటా జరిగిన నడకను, నేల కోతపడుతోందని 1984తో ఆపేశారు. గోడ దాటే చోట ఉన్న హేర్స్ గ్యాప్ కనుమ మీదుగా 18వ శతాబ్దంలో దొంగ సరుకును గుర్రాల మీద లోపలికి చేరవేసేవారు. ఆ బాటకు బ్రాందీ ప్యాడ్ అని పేరు.

కొలతలు

ఐర్లాండ్ మొత్తాన్నీ కొలిచి పటం గీసే పని 1824లో థామస్ కోల్బీ ఆధ్వర్యంలో మొదలైంది. 1825లో డొనెగాల్‌లోని స్లీవ్ స్నాట్ శిఖరం మీద సున్నపు దీపం వెలిగించి, వంద కిలోమీటర్లకు పైగా దూరాన బెల్‌ఫాస్ట్ పక్కనున్న డివిస్ కొండ నుంచి దాన్ని చూసి కోణాలు కొలిచారు. 1826లో సర్వే సైనికులు స్లీవ్ డోనార్డ్ మీద నెలల తరబడి గుడారాల్లో ఉన్నారు.

ఈ పనికి మన దేశంతో నేరుగా సంబంధం ఉంది. ఎండకూ చలికీ పొడవు మారని కొలబద్దలను కోల్బీ ఈ పనికోసం తయారుచేయించాడు. 1818లో హైదరాబాద్‌లో, భారతదేశపు త్రికోణమితి సర్వేను నడిపిన లాంబ్టన్ దగ్గర చేరి, కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో కొలతలు తీసి జ్వరపడిన జార్జ్ ఎవరెస్ట్ 1829లో ఐర్లాండ్ వచ్చి ఈ పద్ధతి చూశాడు. అలాంటి కొలబద్దలను భారతదేశానికి తీసుకొచ్చాడు. 1841లో నిజాం రాజ్యంలోని బీదర్ దగ్గర ఆధారరేఖ కొలిచింది వాటితోనే.

నడక, భద్రత

1948లో ఏర్పడిన ఐరిష్ మౌంటెనీరింగ్ క్లబ్ ఆధునిక పర్వతారోహణకు ఊపునిచ్చింది. దాని స్థాపకుల్లో ఒకరైన జాస్ లైనమ్ తయారుచేసిన శిఖరాల జాబితా ఇప్పటికీ ఆధారం. 600 మీటర్లు దాటిన కొండలన్నీ ఎక్కడం చాలామందికి జీవితకాలపు లక్ష్యం. దేశంలో తొలి గుర్తుల బాట విక్లో వే 1980లో మొదలైంది, జె.బి. మలోన్ దానికోసం ఏళ్ల తరబడి పాటుపడ్డాడు.

కొత్తవాళ్లు తెలుసుకోవాల్సినవి మూడు. మొదటిది, పగటివేళ: జూన్‌లో దాదాపు 17 గంటలు వెలుతురుంటే డిసెంబరులో ఏడున్నర గంటలే. రెండోది, మబ్బు: స్వచ్ఛంగా ఉన్న శిఖరం అరగంటలో కనుమరుగవుతుంది కాబట్టి కాగితపు పటం, దిక్సూచి చేతిలో ఉండాలి, వాటిని వాడడం రావాలి. మూడోది, దిగుదల: కారన్‌టూహిల్ మీద దారి తప్పి ఉత్తరపు గోడల వైపు దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆపదలో 112కు గానీ 999కు గానీ ఫోన్ చేసి పర్వత రక్షక దళం కావాలని అడగాలి. ఈ దళాల్లో ఉన్నవాళ్లు జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులు. కెర్రీ దళం 1966 నుంచి పనిచేస్తోంది.

హక్కులు, పరిరక్షణ

ఐర్లాండ్‌లో కొండల మీద ఎక్కడైనా తిరిగే సాధారణ హక్కు చట్టంలో లేదు. చాలా కొండలు రైతుల సొంతం లేదా ఊరి ఉమ్మడి మేతభూమి. కారన్‌టూహిల్ కూడా అంతే. రైతులు అడ్డుచెప్పకపోవడం వల్లనే బాటలు తెరిచి ఉన్నాయి. గొర్రెలున్న చోటికి కుక్కలను తేవడం, గేట్లు తెరిచి వదిలేయడం ఆ మంచితనాన్ని చెడగొడతాయి. రీక్స్ కొండల్లో భూమి సొంతదారులు, స్థానిక వ్యాపారులు, పర్వతారోహకులు 2014లో ఒక వేదికగా ఏర్పడి బాటల మరమ్మతు, రాకపోకలు కలిసి చూసుకుంటున్నారు.

క్రో పాట్రిక్, ఎరిగల్ మీద కోతపడిన బాటలను అక్కడి రాళ్లతోనే మెట్లుగా పేర్చి బాగుచేశారు. 1932లో ఏర్పడిన కిలార్నీ దేశంలో తొలి జాతీయ ఉద్యానం. విక్లో 1991లో ఏర్పడింది. వేటకూ విషానికీ కనుమరుగైన బంగారు గద్దలను 2001 నుంచి డొనెగాల్‌లో, తెల్లతోక గద్దలను 2007 నుంచి కెర్రీలో తిరిగి వదిలారు. ఈ కొండలకు ఎత్తు వల్ల వచ్చే రక్షణ ఏమీ లేదు. నగరం నుంచి గంట ప్రయాణం, రోడ్డు నుంచి కొన్ని గంటల నడక చాలు, ఎవరైనా చేరుకోవచ్చు. కాబట్టి బాటను బాగుచేసే చేతులు, గేటు మూసే అలవాటు, భూమి సొంతదారుల పట్ల గౌరవం ఉన్నంతకాలమే ఈ శిఖరాలూ కనుమలూ అందరికీ అందుబాటులో ఉంటాయి.